పచ్చిపులుసు పక్కన ఎర్ర వైన్

చింతపండు పులుపూ ద్రాక్ష పులుపూ నాలుక మీద వేరువేరుగా అనిపిస్తాయి గానీ రెండింటికీ మూలం ఒక్కటే, టార్టారిక్ ఆమ్లం. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది, ఆపిల్‌లో మాలిక్, పులిసిన పెరుగులో లాక్టిక్. ఇవి జీవకణాల రోజువారీ పనుల్లో పుట్టి, ఆ పనుల్లోనే ఖర్చయ్యే పదార్థాలు. అందుకే ఎన్నో మొక్కల్లో, జంతువుల్లో, సూక్ష్మజీవుల్లో దొరుకుతాయి. టార్టారిక్ అలా కాదు. దాన్ని పండులో పెద్ద మొత్తంలో దాచుకునే మొక్కలు బహు తక్కువ. వాటిలో ప్రసిద్ధమైనవి ద్రాక్ష, చింత. ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. చింత మన కందికీ చిక్కుడుకీ బంధువు. ఆఫ్రికా ఉష్ణమండలం నుంచి వచ్చి మన ఊళ్లలో నీడయింది. ద్రాక్ష పశ్చిమాసియాలో, కాకసస్ కొండల వైపు మచ్చికైన తీగ.

వికారాబాద్, తాండూరు ఇళ్లలో ఆ ఆమ్లం పచ్చిపులుసుగా కంచంలోకి వస్తుంది. స్పెయిన్ ఉత్తరాన ఎబ్రో నది లోయలో అదే ఆమ్లం ఎర్ర వైన్‌గా గ్లాసులోకి వస్తుంది. ఇప్పుడు హైదరాబాద్ దుకాణాల్లో స్పానిష్ వైన్ సీసాలు దొరుకుతున్నాయి. వాటి వెనక చీటీ మీద మాంసంతోనూ చీజ్‌తోనూ బాగుంటుందని రాసి ఉంటుంది. తాండూరు కందిపప్పుతో, జొన్నరొట్టెతో, పచ్చిపులుసుతో ఎలా ఉంటుందో ఆ చీటీ చెప్పదు. చెప్పగలిగినవి రసాయనశాస్త్రం, మన నోటి శరీరధర్మం. ఈ ప్రశ్న వెంట నడవడం నాకు ముఖ్యమనిపిస్తుంది. రెండు పదార్థాల్లో ఒకే రుచిద్రవ్యం ఉంటే అవి జతకుదురుతాయని ఆహారం గురించి రాసేవాళ్లు తరచుగా చెబుతుంటారు. చింతపండు, ద్రాక్షల విషయంలో ఆ సూత్రం నిలవదు.

ముందు ఆమ్లం సంగతి. ద్రాక్ష తీగ దీన్ని విటమిన్ సి నుంచి తయారుచేసుకుంటుంది. ఆ దారిలో పనిచేసే ఒక కీలకమైన ఎంజైమ్‌ను ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2006లో గుర్తించారు. కాయ పచ్చిగా ఉన్నప్పుడే టార్టారిక్ నిండిపోతుంది. పండే దశలో కాయ తనలోని మాలిక్ ఆమ్లాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, ఎండ ఎక్కువైతే ఇంకా వేగంగా వాడుకుంటుంది. టార్టారిక్ జోలికి మాత్రం పోదు. అందువల్ల ఎండలు మండే చోట పండిన ద్రాక్షలో మిగిలే పులుపు ప్రధానంగా ఇదే. చింతకాయలోనూ ఇదే తంతు. ఎంత ముగ్గినా దాని ఆమ్లం తగ్గదు, చక్కెర మాత్రం వచ్చి చేరుతుంది. చింతపండు గుజ్జులో టార్టారిక్ 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. చక్కెరలు పావు వంతు దాటుతాయి. అంత తీపి లోపల ఉన్నా మనకు తెలియకపోవడానికి కారణం ఆ పులుపు బలమే.

సూక్ష్మజీవుల్లో కూడా ఎక్కువ శాతం దీన్ని తినలేవు. ఏడాదికి సరిపడా చింతపండును ఉప్పు కలిపి కుండలో పెట్టుకోవడంలోనూ, వైన్‌ను ఏళ్ల తరబడి సీసాలో ఉంచడంలోనూ ఈ మొండితనం అక్కరకొస్తుంది. చింతపండుతో ఇత్తడి బిందెలు తోమితే మెరవడానికీ ఇదే కారణం. ఈ ఆమ్లం ఇత్తడిలోని రాగికి పట్టిన చిలుమును కరిగించి, రాగి అయాన్లను గట్టిగా పట్టుకుంటుంది. వైన్‌లో ఇది పొటాషియంతో కలిసి సన్నని స్ఫటికాలుగా అడుగుకు చేరుతుంది. సీసా అడుగున గాజుపొడిలా కనిపించి కొందరిని భయపెట్టేది ఆ లవణమే. దానివల్ల ఏ హానీ లేదు.

ఈ మడ్డి లేకపోతే ఆధునిక రసాయనశాస్త్రంలో ఒక పెద్ద తలుపు ఆలస్యంగా తెరుచుకునేది. స్వీడన్‌కు చెందిన కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1769లో వైన్ పీపాల మడ్డి నుంచి ఈ ఆమ్లాన్ని వేరుచేశాడు. 1848లో పాతికేళ్ల లూయీ పాశ్చర్ దీని లవణం స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, కుడివాటం వాటినీ ఎడమవాటం వాటినీ చేత్తో ఏరి విడదీశాడు. ఒకే పరమాణువులతో, అద్దంలో ప్రతిబింబాల్లా రెండు రకాల అణువులు ఉండగలవని అలా రుజువైంది. నేటి ఔషధ పరిశ్రమ ఈ తేడా మీద ఎంతగానో ఆధారపడి ఉంది. చింతపండులో ఉండేదీ ద్రాక్షలో ఉండేదీ ఒకే వాటం అణువు.

ఇక వైన్ దగ్గరికి వద్దాం. స్పెయిన్ ఎర్ర వైన్లలో అందరికీ తెలిసిన పేరు రియోహా. అక్కడ వైన్ ఒక్క రకం ద్రాక్షతో కాకుండా సాధారణంగా మిశ్రమంగా చేస్తారు. పెద్ద వాటా టెంప్రానియోది. దాని తోలు మందం, రంగు చిక్కన. ఆల్‌బుకరా వాసన, పాతబడే కొద్దీ తోలు, పొగాకు వాసనలు దానివి. ఆమ్లం మాత్రం కొంచెం తక్కువ. గార్నాచా ఎండనూ నీటి ఎద్దడినీ బాగా ఓర్చుకుంటుంది. చక్కెర బాగా పోగవుతుంది కనుక ఆల్కహాల్ పెరుగుతుంది. తోలు పలచన, వగరు తక్కువ, స్ట్రాబెర్రీ లాంటి ఎర్రపండ్ల వాసన ఎక్కువ. గ్రసియానో, మజువెలో అనే మరో రెండు రకాలను కొద్దికొద్దిగా కలుపుతారు. మొదటిది సువాసనకూ పులుపుకూ, రెండోది పులుపుకూ వగరుకూ.

కొన్ని పాత తోటల్లో ఈ రకాలన్నీ ఒకే చేనులో కలిపే నాటి ఉంటాయి. ఒక ఏడు చలికి ఒకటి దెబ్బతింటే మరొకటి నిలబడుతుంది, ఒకటి పులుపు కోల్పోతే మరొకటి సర్దుతుంది. తాండూరు రైతు కంది సాళ్ల మధ్య పెసరో మినుమో జొన్నో వేయడంలో ఉన్న లెక్క ఇదే. తక్కువ కాలం పంట ముందు చేతికొస్తుంది. కంది లోతుకు వేరు దించి తన కాలం కోసం ఆగుతుంది. మిశ్రమం అనేది రుచి కోసం పుట్టిన నాజూకు ఆలోచన అనుకుంటాం గానీ, అది ముందుగా వర్షాన్ని నమ్మలేని రైతు తెలివి.

మిశ్రమం తర్వాతి దశ ఓక్ కొయ్య పీపా. 225 లీటర్ల పీపాల్లో వైన్‌ను నిలవబెట్టే పద్ధతిని రియోహా వాళ్లు 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి నేర్చుకున్నారు. ఎర్ర రియోహాలో క్రియాంసా అని ముద్ర పడాలంటే కనీసం 2 ఏళ్లు నిలవ ఉండాలి, అందులో ఏడాది పీపాలో గడవాలి. రిసెర్వాకు 3 ఏళ్లు, గ్రాన్ రిసెర్వాకు 5. అక్కడ అమెరికా ఓక్ వాడకం సంప్రదాయంగా ఎక్కువ. కాల్చిన ఆ కొయ్య నుంచి వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్, కొబ్బరి వాసననిచ్చే లాక్టోన్లు వైన్‌లోకి దిగుతాయి. వాసన చూసి కొబ్బరి అన్నవాడు ఊహించి చెబుతున్నాడని అనుకోనక్కర్లేదు. ఆ అణువు నిజంగానే అందులో ఉంది. మిరియం వాసన కూడా అంతే. దాని వెనకున్న రొటండోన్ అనే పదార్థాన్ని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఎర్ర ద్రాక్షలోనూ మిరియాల్లోనూ పట్టుకున్నారు. వాళ్లు పరీక్షించినవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఆ వాసన దాదాపుగా తెలియనే లేదు. కాబట్టి ఒకే గ్లాసు గురించి ఇద్దరు వేరువేరుగా చెబితే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

ఎర్ర వైన్‌ను తెల్ల వైన్ నుంచి వేరుచేసేది రంగుకంటే ముందు వగరు. ద్రాక్ష రసాన్ని తోళ్లతో, గింజలతో కలిపి పులియబెడతారు కనుక వాటిలోని టానిన్లు వైన్‌లోకి దిగుతాయి. వగరు, పులుపు తీపి లాంటి రుచి కాదు, స్పర్శ. మన లాలాజలంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే ప్రొటీన్లు ఉంటాయి. నోటి లోపలి పొరను జారుడుగా ఉంచడంలో వాటికి పాత్ర ఉంది. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. జారుడు పోతుంది, నాలుకా అంగిలీ ఒకదానికొకటి గీరుకుంటాయి. నేరేడుపండు తిన్నాక నోరు పట్టేసినట్టుండేది అందుకే.

కందులకూ ఈ వగరు ఉంది. గింజ పైపొట్టులో టానిన్లు ఉంటాయి, రంగు ముదిరిన కొద్దీ ఎక్కువగా. అవి లాలాజలపు ప్రొటీన్లతో పాటు గింజ ప్రొటీన్లనూ పట్టుకుని అరుగుదలకు అడ్డుపడతాయి. పొట్టు తీసి పప్పు చేసుకోవడం వెనక రుచీ ఆరోగ్యమూ రెండూ ఉన్నాయి. అది తేలికైన పని కాదు. పొట్టుకూ బద్దకూ మధ్య బంక లాంటి పొర ఉంటుంది. అందుకే మిల్లులో కందులను ముందు గీరి, నూనె పట్టించి, నీళ్లు చల్లి, ఆరబెట్టి ఆ తర్వాతే పొట్టు తీస్తారు. తాండూరు మిల్లులో వదిలించుకునే టానిన్లనే రియోహాలో శ్రద్ధగా పట్టి సీసాలోకి ఎక్కిస్తారు. ఎందుకంటే అక్కడ వైన్ పక్కన కొవ్వున్న గొర్రెమాంసం ఉంటుంది.

వగరుకూ కొవ్వుకూ ఉన్న సంబంధాన్ని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు 2012లో చక్కగా కొలిచారు. వగరు ద్రవాన్ని గుటకగుటకగా తాగుతూ పోతే ప్రతి గుటకకూ వగరు పెరుగుతూ పోయింది. మధ్యలో కొవ్వున్న మాంసం ముక్కలు తింటే, కొవ్వు వల్ల నోట్లో కలిగే జిడ్డు భావన వగరుతో తగ్గింది, వగరు జిడ్డుతో తగ్గింది. రెండూ పరస్పరం విరుగుడు. వైన్‌లోని టానిన్ కూడా మాంసంలోనో వెన్నలోనో పప్పులోనో ప్రొటీన్ దొరికితే దాన్ని పట్టుకుని, మన లాలాజలాన్ని కొంతవరకు వదిలేస్తుంది.

ఈ సూత్రం మన నంజుళ్లకు కొత్తది కాదు. తెలంగాణలో ముద్దపప్పులోకి పచ్చిపులుసు పోసుకుంటారు. పప్పు చిక్కన, చప్పన, కమ్మన. అందులో నెయ్యి వేస్తే జిడ్డు. పచ్చిపులుసు పలచన, పుల్లన, పచ్చి ఉల్లిపాయతో ఘాటు. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. అసలు ముడి విప్పాల్సిన చోటు ఇదే. రియోహాలో గొర్రెమాంసం పక్కన ఎర్ర వైన్ చేసే పని, తాండూరులో ముద్దపప్పు పక్కన పచ్చిపులుసు చేస్తున్నది. ఇద్దరిదీ ఒకే ఉద్యోగం. ఒకే ఉద్యోగం చేసే ఇద్దరిని ఒకే కంచం దగ్గర కూర్చోబెడితే ఒకరు ఓడిపోవాలి.

ఓడిపోయేది వైన్. పచ్చిపులుసు తాగిన నాలుక గాఢమైన పులుపుకు అలవాటుపడి ఉంటుంది. ఆ వెంటనే వైన్ తాగితే, అందులో లీటరుకు కొన్ని గ్రాములే ఉండే అదే టార్టారిక్ దానికి ఆనదు. పులుపు పోయిన వైన్‌లో మిగిలేవి ఆల్కహాల్ వేడి, కొయ్య వాసన, చప్పదనం. కొనుక్కొచ్చిన సీసాలో ఏదో లోపముందనిపిస్తుంది. లోపం సీసాలో లేదు, పక్కనున్న గిన్నెలో ఉంది. వైన్ కన్నా పుల్లని తిండి పక్కన వైన్ పెట్టకూడదని స్పెయిన్‌లోనూ చెబుతారు. చింతపండు కన్నా పుల్లని ఎర్ర వైన్ ఎక్కడా ఉండదు కనుక, చింతపండు పులుసులకూ గోంగూరకూ ఎర్ర వైన్‌తో పొత్తు కుదరదు.

వంటల్లో ఒకే వాసన అణువులున్న పదార్థాలు జతకడతాయా అని 2011లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. వేలాది వంటకాలను కంప్యూటర్‌తో జల్లెడపట్టి చూస్తే పాశ్చాత్య వంటల్లో అలాంటి ధోరణి ఉందని, తూర్పు ఆసియాలో లేదని తేలింది. 2015లో ఐఐటీ జోధ్‌పూర్ పరిశోధకులు భారతీయ వంటకాలను అలాగే చూశారు. మన వంటల్లో ఒకదానితో ఒకటి పంచుకునే అణువులు తక్కువగా ఉన్న పదార్థాలే ఎక్కువగా కలుస్తున్నాయని, ఈ వ్యతిరేకతలో మసాలాల పాత్ర పెద్దదని చెప్పారు. నా మటుకు నాకు ఇది ఆశ్చర్యమనిపించదు. ముద్దపప్పు పక్కన ఆవకాయను పెట్టిన వాళ్లు పోలిక కోసం చూడలేదు, విరుగుడు కోసం చూశారు.

పులుపు తర్వాత పెద్ద చిక్కు కారం. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. నిజానికి అది వేడిని పసిగట్టే గ్రాహకం. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మామూలుగా అది 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దాకా పడిపోతుందని 2002లో తేలింది. అంటే మన ఒంటి వేడికే అది మంటగా తెలుస్తుంది. కారపు మటన్ కూర తిన్న నోటితో 14 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ తాగితే మంట రెట్టింపయినట్టు అనిపించడం భ్రమ కాదు. టానిన్ వల్ల జారుడు పోయిన నోటి గీరుడు కూడా ఆ మంటకు తోడవుతుంది. క్యాప్సైసిన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది నిజమే గానీ, వైన్‌లో ఉండే పాటి ఆల్కహాల్ దాన్ని కడిగేయడానికి చాలదు. పెరుగు ఆ పని చేస్తుంది, పాలలోని కేసిన్ ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుంటుంది.

చిత్రమేమిటంటే, మిరపకాయ మన దాకా వచ్చింది ఆ దిక్కు నుంచే. కొలంబస్ ప్రయాణాల తర్వాత అమెరికా ఖండం నుంచి స్పెయిన్‌కు చేరి, పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి వచ్చింది. రియోహాలో కూడా ఎండుమిర్చి వేసి బంగాళదుంపల కూర వండుకుంటారు. కానీ అక్కడి మిర్చి రంగుకూ తీపికీ పేరుపడ్డ రకం, మంట బహు తక్కువ. మన మిర్చి మంట కోసమే నిలబడింది. స్పెయిన్ వంటతో కుదిరిన వైన్ మన వంట దగ్గర తడబడడానికి ముఖ్యమైన కారణం ఈ మంటే.

మరి కుదిరేవి ఏమిటి? పప్పు దినుసుతో ఎర్ర వైన్ స్పెయిన్‌లో ఇంటింటి అలవాటు. సాసేజ్ ముక్కలు వేసి ఉడికించిన మసూర్ లాంటి పప్పు, శనగలతో మాంసం కలిపిన కోసీదో, రియోహాలోనే ఎర్ర చిక్కుడుగింజల కూర వాళ్ల భోజనంలో భాగం. కాబట్టి పప్పుతో తగాదా లేదు. చింతపండు వేయని ముద్దపప్పు, దండిగా నెయ్యి, జీలకర్ర, వెల్లుల్లి తాలింపు, పక్కన జొన్నరొట్టె ఉంటే, గార్నాచా వాటా ఎక్కువున్న, పీపాలో ఎక్కువకాలం ఉండని వైన్ దాని పక్కన హాయిగా నిలబడుతుంది. నెయ్యి వగరును ఆపుతుంది, వైన్ పులుపు నెయ్యి జిడ్డును కోస్తుంది. మిరియాలు, ధనియాలు, కొబ్బరిపొడితో చేసిన మటన్ వేపుడుకు పీపాలో గడిపిన టెంప్రానియో బాగా కుదురుతుంది. కొయ్య ఇచ్చిన కొబ్బరి వాసనకు వేపుడులో కొబ్బరి దొరుకుతుంది. ఇక్కడ మాత్రం పోలిక పనిచేస్తుంది, వాసనలకు సంబంధించినంత వరకే. కోట్‌పల్లి చెరువు చేపతో మాత్రం ఎర్ర వైన్ వద్దు. వైన్‌లోని ఇనుము, సముద్రపు గుల్లల కొవ్వుతో కలిసి నీచువాసన పుట్టిస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 2009లో చూపించారు. ఇనుము తక్కువున్న వైన్లలో ఆ వాసన రాలేదు. చేపల పులుసు అయితే చింతపండు అడ్డు ఎలాగూ ఉంది.

ఇంకొక మాట, వేడి గురించి. ఎర్ర వైన్‌ను గది వేడిమికి తాగాలంటారు. ఆ మాట పుట్టింది యూరప్ చలి గదుల్లో, 16, 18 డిగ్రీల దగ్గర. మే నెలలో తాండూరు గదిలో ఆ లెక్క పనికిరాదు. వెచ్చబడ్డ కొద్దీ ఆల్కహాల్ ఆవిరి ముక్కుకు ముందు తగిలి పండు వాసనను కప్పేస్తుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయడం తప్పేమీ కాదు.

కారపు కూరలకు ఈ నేల తన పానీయాన్ని ఎప్పుడో ఎంచుకుంది. ఈతకల్లు, తాటికల్లు పక్కన బోటి, తలకాయ కూర, కారం దట్టించిన వేపుళ్లు తింటారు. కల్లులో టానిన్ల వగరు లేదు. ఆల్కహాల్ వైన్‌లో ఉన్నదానికన్నా చాలా తక్కువ. పొద్దున దించిన కల్లులో ఇంకా పులియని చక్కెర మిగిలి ఉంటుంది, తీపి మంటను తగ్గిస్తుంది. ఈస్టులు, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కలిసి దాన్ని పులియబెడుతుంటే, లాక్టిక్ బ్యాక్టీరియా పులుపునిస్తుంది. ఎర్ర వైన్ ఎక్కడెక్కడ తడబడిందో అక్కడక్కడ కల్లుకు అడ్డు లేదు. తెలిసి కుదిర్చినవాళ్లకు గ్రాహకాల పేర్లు తెలియకపోవచ్చు, నోరు తెలుసు.

వైన్ గురించి మాట్లాడేవాళ్లు మట్టిని వదిలిపెట్టరు, సున్నపురాతి నేల రుచి వైన్‌లోకి వస్తుందంటారు. దీన్ని చూడటానికి వికారాబాద్ నుంచి తాండూరు దాకా సుమారు 40 కిలోమీటర్ల రైలు ప్రయాణం మంచి పాఠం. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు దక్కన్ లావా రాతి మీద ఎర్రని జేగురురాతి పొరతో ఉంటాయి. మూసీ పుట్టేది అక్కడే, తూర్పుకు పోతుంది. తాండూరు వైపు భీమా పరీవాహకపు సున్నపురాయి, నల్లరేగడి, పడమరకు పోయే కాగ్నా నది. ఆ సున్నపురాయి నాపరాళ్లుగా దేశమంతా ఇళ్లలో పరుచుకుంది, సిమెంటుగా మారింది. మరి కందిపప్పులో సున్నపురాయి రుచి ఉందా? లేదు. వేరు రాతిని తాగదు, నీళ్లలో కరిగిన అయాన్లనే తీసుకుంటుంది. అవి గింజకు చేరేది రుచి తెలియనంత కొద్దిగా. వేల్స్ భూగర్భశాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ వైన్ విషయంలో ఈ వాదనను ఏళ్లుగా వినిపిస్తున్నారు, నాకది సరైనదనిపిస్తుంది. మట్టి పనిచేసేది నీటి ద్వారా. ఎంత నీరు పట్టి ఉంచుతుంది, ఎప్పుడు వదులుతుంది అన్నదే ముఖ్యం. తొలకరికి విత్తిన కంది, వానలు వెనకబట్టాక పూతకు వస్తుంది. నల్లరేగడి దాచిన తేమ మీదే కాయ నింపుకుంటుంది. తాండూరు నేలల్లో అట్టాపల్గైట్ అనే నారలాంటి బంకమట్టి ఖనిజం ఉందని, అది తేమను పట్టి ఉంచుతుందని ఇక్కడి కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిన సందర్భంగా వివరించారు.

కంది వేరు మాత్రం ఎర్రనేలలో మరో విద్య చూపిస్తుంది. అక్కడ భాస్వరం ఇనుముతో ముడిపడి ఇతర పంటలకు సులువుగా అందదు. కంది వేళ్లు ఒక ఆమ్లాన్ని విడిచి ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపించుకుంటాయని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త నోరిహారు ఎయే బృందం 1990లో ‘సైన్స్’ పత్రికలో చూపించింది. దాని పేరు పిసిడిక్ ఆమ్లం. దాని నిర్మాణం చూస్తే మధ్యలో ఉన్నది టార్టారిక్ ఆమ్లమే, ఒక పక్క చిన్న వలయం అతుక్కుని ఉంటుంది. ఇత్తడిబిందె మీది చిలుమును చింతపండు ఎలా పట్టుకుంటుందో, మట్టిలోని ఇనుమును కంది వేరు దాదాపు అలాగే పట్టుకుంటుంది. కందికి దూరపు బంధువైన చింత ఆ పులుపును కాయలో దాచింది, కంది వేరులో దాని సవరించిన రూపాన్ని వాడుకుంది.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. రియోహాకు అలాంటి గుర్తింపు 1925లోనే వచ్చింది, 1991లో స్పెయిన్‌లోనే అత్యున్నత శ్రేణికి ఎక్కింది. ఈ రెండు గుర్తింపులూ పైకి ఒకటే అనిపిస్తాయి. అంతర్జాతీయ చట్టంలో కావు. 1995లో అమల్లోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందంలో 22వ అధికరణ అన్ని సరుకులకూ వర్తిస్తుంది, జనం మోసపోతున్నారనో పోటీ అన్యాయంగా ఉందనో చూపిస్తేనే రక్షణ. 23వ అధికరణ వైన్లకూ స్పిరిట్లకూ మాత్రమే. వాటి విషయంలో ఎవరూ మోసపోకపోయినా, ‘రియోహా తరహా’ అని నిజాయితీగా రాసినా కుదరదు. ‘తాండూరు తరహా కందిపప్పు’ అని వేరే దేశంలో ఎవరైనా అమ్మితే మన రైతుకు అంత గట్టి అండ లేదు. తాగే సరుకుకు ఎక్కువ రక్షణ, తినే పప్పుకు తక్కువ రక్షణ అన్నది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. స్పెయిన్ వాళ్లయితే తమ దేశంలో లా అర్మూన్యా మసూర్‌కూ, అస్తూరియాస్ చిక్కుడుగింజకూ, ఫుఎంతెసాఉకో శనగకూ కూడా యూరప్ చట్టం కింద పేరు కాపాడుకున్నారు. మన 1999 భౌగోళిక గుర్తింపుల చట్టంలో కూడా ప్రభుత్వం కోరుకుంటే కొన్ని సరుకులకు అదనపు రక్షణ ప్రకటించే వీలు ఉంది. తాండూరు కంది ఆ జాబితాలోకి రావాలి.

ఎర్ర వైన్ గుండెకు మంచిదనే ప్రచారం మీద ఒక మాట చెప్పి తీరాలి. ఆల్కహాల్ పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగల హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ద్రాక్ష తోలులోని రెస్వెరట్రాల్ వైన్‌లో లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. దానికోసం తాగడంలో అర్థం లేదు. ద్రాక్ష తోలుకు రంగునిచ్చే వర్ణద్రవ్యాల లాంటివి కావాలంటే వానాకాలంలో నేరేడుపండ్లు ఉన్నాయి.

వైన్ ముట్టని వాళ్లు కూడా ఇక్కడ వగరు గురించీ పులుపు గురించీ చెప్పిన ముఖ్యమైన సంగతులను ఇంట్లో సరిచూసుకోవచ్చు. పాలు, చక్కెర లేకుండా చిక్కని టీ కాచి చల్లార్చండి. మూడు నాలుగు గుటకలు వరసగా తాగి వగరు ఎలా పెరుగుతోందో గమనించండి. తర్వాత నెయ్యి రాసిన జొన్నరొట్టె ముక్క నమిలి మళ్లీ ఒక గుటక తాగండి. రెండో పరీక్షకు నల్లద్రాక్ష రసం తీసుకోండి. ముందు ఉత్తదే రుచి చూసి, తర్వాత రెండు చెంచాల పచ్చిపులుసు మింగి మళ్లీ చూడండి, రసంలోని పులుపు ఎటు పోయిందో తెలుస్తుంది. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, లాలాజలం మళ్లీ ఊరేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. ఆగకపోతే ముందు తిన్నదాని ఫలితం తర్వాతి దాని మీద పడుతుంది.